తెల్లబూజు పట్టిన చక్రాలు

కొత్త బైకు కొందామని షోరూములో అడుగుపెడితే సేల్స్ కుర్రాడి మొదటి ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఇదే: "స్పోక్ వీల్సా సార్, మ్యాగ్ వీల్సా?" మ్యాగ్ అంటే మెగ్నీషియం. అయితే అతను చూపించే చక్రంలో ఉండేది సిలికాన్ కలిపిన అల్యూమినియం. అందులో మెగ్నీషియం ఉంటే గింటే చిటికెడు, పప్పులో ఇంగువంత. ఎప్పుడో 1960లు, 70లలో రేసు బళ్లకు వేసిన అసలు మెగ్నీషియం చక్రాల పేరు అలా నాలుక మీద నిలిచిపోయింది, లోహం మారిపోయింది.

ఆ అసలువి కూడా ఇంకా ఉన్నాయి. ఇటలీలోనో ఇంగ్లండులోనో పాత రేసు బళ్లను బాగుచేసుకుని తోలే వాళ్ల షెడ్లలో, వేలంపాటల్లో, పాత బళ్ల పోటీల్లో కనిపిస్తాయి. వాటి వయసు నలభై ఐదేళ్ల పైమాటే. బంగారు రంగు పెయింటుతో చూడముచ్చటగా ఉంటాయి. అలాంటి చక్రం చేతికి రాగానే కొన్నవాడికి వచ్చే మొదటి భయం, "ఇది అంటుకుంటుందేమో" అని. భయపడాల్సిన సంగతి వేరే ఉంది.

మెగ్నీషియం చక్రాల వెనక ఉన్న ఆశ అర్థం కావాలంటే ముందు బరువు లెక్క చూడాలి. ఘన సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74. ఇంజను మీద ఒక కిలో తగ్గించడం, చక్రం మీద ఒక కిలో తగ్గించడం ఒకటి కాదు. చక్రం ముందుకు పోవాలి, దానితోపాటు తన చుట్టూ తాను తిరగాలి. రిమ్ము అంచున ఉన్న ప్రతి వంద గ్రాములూ, బండి వేగం పుంజుకునేటప్పుడు ఇంజనుకు దాదాపు రెండు వందల గ్రాముల బరువులా తగులుతాయి. పైగా చక్రం షాక్ అబ్జార్బర్లకు కింద ఉండే సరుకు. అది ఎంత తేలికైతే గతుకుల రోడ్డుమీద టైరు అంత బాగా నేలను పట్టుకుంటుంది. రేసుగాడికి ఇంతకన్నా ఏం కావాలి?

బ్రిటన్‌లో పీటర్ విలియమ్స్ ఇదంతా కాగితం మీద లెక్కవేసుకున్న మనిషి. రేసరు, ఇంజనీరు రెండూ ఆయనే. తండ్రి జాక్ విలియమ్స్ ఏజేఎస్, మ్యాచ్‌లెస్ రేసు ఇంజన్ల మీద పనిచేసినవాడు. టామ్ ఆర్టర్ అనే ఆసామి సమకూర్చిన మ్యాచ్‌లెస్ జీ50 బండికి పీటర్ 1970ల మొదట్లో తీగ స్పోకులు పీకేసి, తానే గీసిన మెగ్నీషియం పోత చక్రాలు బిగించాడు. ఆరే ఆరు లావుపాటి ఆకులు. చూసినవాళ్లు నవ్వుకుని దానికి 'వ్యాగన్ వీల్స్' అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఎడ్లబండి చక్రాలు. ఎగతాళికి పెట్టిన పేరే ముద్దుపేరయింది. 1973లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ రేసులో ఆ బండి రెండో స్థానంలో వచ్చింది. అదే ఏడాది ఆయన పోత చక్రాలే వేసిన జాన్ ప్లేయర్ నార్టన్ మీద ఫార్ములా 750 టీటీ గెలిచాడు. ఒక్క చుట్టుకు అరవై కిలోమీటర్లు దాటే కొండదారి అది, రాతిగోడల మధ్య నుంచి పోతుంది.

అటు ఇటలీలో, విచెంజా పట్టణంలో సైకిల్ గేర్లకు పేరుమోసిన కంపాగ్నోలో కంపెనీ మెగ్నీషియం పోతలో చేయి తిరిగినది. కార్లకు చేసింది, తర్వాత మోటారు సైకిళ్లకూ చేసింది. 1970ల చివర డుకాటీ 900 మోడళ్లలో కొన్నింటికి ఈ చక్రాలు ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. అమెరికాలో మోరిస్, ఇంగ్లండులో డైమాగ్ ఇదే దారి పట్టాయి. రేసు కోసం పుట్టిన వస్తువు మామూలు జనం తోలే రోడ్డు మీదికి వచ్చేసింది. చిక్కంతా అక్కడే మొదలైంది. రేసు చక్రానికి ఒక సీజన్, మహా అయితే రెండు మూడు సీజన్ల ఆయుష్షు చాలు. వారంవారం విప్పి చూసే మెకానిక్కు ఉంటాడు, కాస్త అనుమానం వచ్చినా తీసి పారేస్తాడు. రోడ్డు మీది బండి యజమాని ముందు చక్రాన్ని ఎప్పుడు విప్పుతాడు? టైరు అరిగినప్పుడు.

ఇక మంట సంగతి. పదో తరగతి దాకా చదివిన ప్రతివాళ్లకూ మెగ్నీషియం అంటే గుర్తొచ్చే దృశ్యం ఒకటే. మాస్టారు పట్టకారుతో చిన్న రిబ్బను పట్టుకుని స్పిరిట్ దీపం మీద పెడతాడు, కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి వెలుగు వస్తుంది, చివరికి తెల్లటి బూడిద మిగులుతుంది. ఈ భయానికి చరిత్ర కూడా తోడైంది. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్స్ రేసులో పియర్ లెవెగ్ నడుపుతున్న మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఎగిరి జనం మీద పడింది. ఆ కారు ఒంటికి తొడిగింది మెగ్నీషియం మిశ్రమలోహపు రేకు. ఎనభై మందికి పైగా చనిపోయారు. మంటలు ఆర్పడానికి నీళ్లు కొడితే ఇంకా ఎగసిపడ్డాయి. మండే మెగ్నీషియం నీటిలోని ఆక్సిజన్ను లాక్కుని హైడ్రోజన్ను వదిలేస్తుంది, ఆ హైడ్రోజన్ కూడా మండుతుంది. కార్బన్ డయాక్సైడ్ కొట్టినా లాభం లేదు, అందులోని ఆక్సిజన్నూ వదలదు.

అయితే రిబ్బను వేరు, చక్రం వేరు. ఎండుపుల్లకు అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది, మొద్దుకు గీస్తే అంటుకోదు. పలచటి రిబ్బనులో వేడి పోవడానికి దారి ఉండదు. నాలుగైదు కిలోల చక్రమైతే ఒకచోట తగిలిన వేడిని ఒళ్లంతా పంచేసుకుంటుంది. మెగ్నీషియం కరిగేది 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ముద్దగా ఉన్న లోహం నిలకడగా మండాలంటే వేడి ఆ దరిదాపులకు చేరాలి. బ్రేకులు ఎంత వేడెక్కినా చక్రం అంత దూరం పోదు. పెట్రోలు మంటలో బండి మొత్తం చిక్కుకుంటే మాట వేరు. లేత్ మిషన్ మీద చక్రాన్ని చెక్కినప్పుడు రాలే సన్నటి పొడి మాత్రం నిజంగానే ప్రమాదం, దాని సంగతి చివర్లో.

మాస్టారు రిబ్బనును వెలిగించే ముందు ఇంకో పని చేస్తాడు, అది చాలామందికి గుర్తుండదు. గరుకు కాగితంతో దాన్ని రుద్దుతాడు. బీరువాలో ఊరికే పడున్న రిబ్బను మీద కూడా తెల్లటి పొర పట్టేసి ఉంటుంది మరి. పాత చక్రాల కథంతా ఆ పొరలోనే ఉంది.

అల్యూమినియం మీద కూడా ఆక్సైడ్ పొర పడుతుంది. పడి, దాన్ని కాపాడుతుంది. ఒక వంతు అల్యూమినియం మారితే 1.28 వంతుల ఆక్సైడ్ తయారవుతుంది కాబట్టి అది లోహాన్ని నిండుగా కప్పుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌కు ఈ నిష్పత్తి 0.81. చలికాలంలో చాలీచాలని దుప్పటి కప్పుకున్నట్టు, ఇటు లాగితే అటు కాళ్లు బయటపడతాయి. ఆ సందుల్లోంచి తేమ దిగుతుంది. నీటితో కలిసిన మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అవుతుంది. కడుపులో మంటకు తాగే తెల్లటి యాంటాసిడ్ సీసాలో ఉండేదీ అదే పదార్థం. ఇనుముకు తుప్పు పడుతుంది, రాగికి చిలుము పడుతుంది, ఈ లోహానికి పట్టేది గోడకు నిమ్ము చేరినప్పటి సున్నపు పొంగులాంటి తెల్లబూజు. లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పెయింటును కింది నుంచి ఎత్తేస్తుంది. బంగారు రంగు చక్రం మీద అక్కడక్కడా చెమటకాయల్లాంటి ఉబ్బులు కనిపిస్తే లోపల మందు తయారవుతున్నట్టే.

ఇది ఎంత జోరుగా సాగుతుందో చూడాలంటే ఇటలీ దాకా పోనక్కర్లేదు. హైదరాబాదులో బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజరు సర్వీసు చేస్తున్నప్పుడు పక్కన నిలబడితే చాలు. ప్లంబరు లోపలి నుంచి ఒక కడ్డీ బయటికి తీస్తాడు. పెట్టినప్పుడు బొటనవేలంత లావున నున్నగా ఉండే మెగ్నీషియం కడ్డీ అది. రెండు మూడేళ్ల తర్వాత చీమలు తిన్న బెల్లం అచ్చులా గుంటలు పడి, ఒక్కోసారి నడిమి తీగ మాత్రమే మిగిలి వస్తుంది. అది అలా పోవాలనే పెట్టారు. ఉక్కు ట్యాంకు బదులు తాను కరగడం దాని ఉద్యోగం. లోహాలకు విద్యుత్ రసాయన వరసలో అంతస్తులున్నాయి. ఇనుము మైనస్ 0.44 వోల్టుల దగ్గర ఉంటే మెగ్నీషియం మైనస్ 2.37 దగ్గర ఉంటుంది. రెండూ తడిలో తగులుకుంటే కరిగేది ఎప్పుడూ మెగ్నీషియమే.

చక్రంలో ఉక్కు ఎక్కడ ఉంది? హబ్బులో బేరింగులు ఉక్కు, బ్రేక్ డిస్కు బోల్టులు ఉక్కు, వెనక పళ్లచక్రం స్టడ్లు ఉక్కు. ఒక్క వాన, కాస్త మట్టి, అంతే, చక్రమే గీజరు కడ్డీ అయిపోతుంది. అందుకే బూజు చాలాసార్లు బేరింగు కూర్చునే గూటి చుట్టూ, బోల్టు రంధ్రాల అంచున మొదలవుతుంది. బండికి అతి ఎక్కువ బరువు పడే చోట్లు కూడా అవే కావడం దురదృష్టం. బాధ్యతగా పనిచేసే మెకానిక్కులు ఉక్కు బోల్టు నేరుగా తగలకుండా కింద అల్యూమినియం వాషరు వేస్తారు, రంధ్రాల్లో గ్రీజు పెడతారు. ఇంకో చోటు టైరు లోపల ఉంటుంది. టైరు అంచు రిమ్ముకు ఆనే గాడిలో నీరు చేరి నెలల తరబడి నిలిచినా బయటి నుంచి ఏమీ కనిపించదు. గాలి మాటిమాటికీ తగ్గుతుంటే వాల్వును తిట్టుకుంటారు. తీరా టైరు విప్పితే గాడి పొడుగునా గుంటలు.

ఉప్పు తగిలితే కథ ఇంకా పాడవుతుంది. క్లోరైడు ఆ కాస్త హైడ్రాక్సైడ్ పొరను కూడా చీల్చేస్తుంది. ఇక్కడ ఒక వింత ఉంది. మెగ్నీషియానికి సముద్రం పుట్టిల్లు లాంటిది. ఘన మీటరు సముద్రపు నీటిలో దాదాపు 1.3 కిలోల మెగ్నీషియం కరిగి ఉంటుంది. అమెరికాలో డౌ కంపెనీ 1941లో టెక్సస్ తీరాన ఫ్రీపోర్టులో సముద్రపు నీటినుంచే దాన్ని తీయడం మొదలుపెట్టింది. పుట్టింటి గాలి తగిలితే చాలు, మళ్లీ అందులో కలిసిపోవాలని చూసే లోహం ఇది. విశాఖ బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంటు సెల్లారులో పెట్టిన చక్రమూ, మహబూబ్‌నగర్ పొడి గాలిలో పెట్టిన చక్రమూ ఒకేలా వయసు మీరవు.

అదే డౌ కంపెనీలో పనిచేసిన హనావాల్ట్, ఆయన తోటివాళ్లు 1942లో తేల్చిన సంగతి పాత చక్రాలకు జాతకం లాంటిది. మెగ్నీషియంలో ఇనుము, నికెల్, రాగి మలినాలు ఒక హద్దు లోపల ఉన్నంతసేపు అది ఉప్పునీటిలో కూడా ఓపిగ్గా ఉంటుంది. హద్దు దాటితే అమాంతం కరగడం మొదలుపెడుతుంది. ఇనుము విషయంలో ఆ హద్దు పది లక్షల వంతుల్లో 170 వంతులు, నికెల్‌కు ఇంకా చాలా తక్కువ. ఒక్కో ఇనుప రేణువూ లోహం కడుపులోనే ఉన్న చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఈ సూత్రం తెలిసినా, శుద్ధిని గట్టిగా అదుపుచేసిన పోత మిశ్రమాలు బజారులో నిలదొక్కుకున్నది 1980లలోనే. కాబట్టి అంతకుముందు పోసిన చక్రంలో మలినం ఎంతుందో దాని మొహం చూసి చెప్పలేం. ఒకే మూసలో పోసిన రెండు చక్రాల్లో ఒకటి యాభై ఏళ్లు నిలవొచ్చు, ఇంకొకటి పదేళ్లకే చెదలు తిన్న గుమ్మంలా కావొచ్చు.

బూజు ఒక్కటే అయితే గీకి పెయింటు వేసుకోవచ్చు. అసలు ప్రమాదం బూజు వదిలిన గుంటలో మొదలవుతుంది.

బైకు చక్రం కిలోమీటరుకు సుమారు ఐదు వందల సార్లు తిరుగుతుంది. ఇరవై వేల కిలోమీటర్లకు కోటి చుట్లు. ప్రతి చుట్టులోనూ ప్రతి ఆకూ ఒకసారి బరువు మోసి, ఒకసారి తేలికపడుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తుంచడం పిల్లలందరూ చేసే పనే. ఏ ఒక్క వంపూ దాన్ని తుంచేంతది కాదు, అన్నీ కలిసి తుంచుతాయి. లోహపు అలసట అనే ఈ జబ్బును శాస్త్రజ్ఞులు పట్టించుకున్నది రైళ్లవల్ల. 1842లో వెర్సాయి నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా కాలిపోయాక, ఇరుసులు ఎందుకు విరుగుతాయనే ప్రశ్న యూరప్‌ను పట్టుకుంది. తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ ఇంజనీరు అవుగస్ట్ వోలర్ ఇరుసులను లక్షల సార్లు తిప్పి పరీక్షించాడు. పొడి గాలిలో ఉక్కుకు ఒక ఓర్పు హద్దు ఉందని, దానికి లోబడిన బరువైతే ఎన్నిసార్లు పడినా విరగదని తేలింది. మెగ్నీషియానికి అంత స్పష్టమైన గీత లేదు. ఉప్పు తేమ కూడా తోడైతే ఉన్న కాస్త ఓర్పూ పోతుంది. గుంట అడుగున ఒత్తిడి పోగుపడుతుంది, అక్కడ వెంట్రుకకన్నా సన్నని పగులు పుడుతుంది, చుట్టుచుట్టుకూ కాస్త కాస్త పాకుతుంది.

పగిలే ముందు ఈ లోహం వంగి హెచ్చరించదు, లేదా సరిపడా వంగదు. దానికి కారణం పరమాణువుల అమరికలో ఉంది. పేకముక్కల కట్టను పక్కకు తోస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి కదా, లోహం వంగడమంటే లోపల అలాంటి జారుడే. అల్యూమినియం స్ఫటికంలో ఈ జారుడుకు పన్నెండు దారులున్నాయి. మెగ్నీషియంలో మామూలు వేడి దగ్గర సులువుగా తెరుచుకునేవి మూడే. రాయి తగిలితే అల్యూమినియం రిమ్ము సొట్ట పడే చోట ఇది పగలడానికి మొగ్గుతుంది. పైగా పాతకాలపు ఇసుక మూసల్లో పోసిన చక్రాల లోపల గాలి సొరంగాలు, ఆక్సైడ్ ముక్కలు చిక్కుకుని ఉండటం మామూలే. ఫౌండ్రీ వాళ్లు బ్లో హోల్స్ అనేవి అవే. పగులుకు అది అప్పటికే తవ్వి పెట్టిన కాలువ.

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్టు కొందరు చక్రాన్ని వేలాడదీసి తట్టి చూస్తారు. బద్దగా మోగితే పారేస్తారు, అంతవరకు మంచిదే. ఖంగుమని మోగితే మాత్రం నమ్మడానికి వీల్లేదు. అంగుళం పొడవు పగులుకు కూడా శబ్దం మారకపోవచ్చు. ఉక్కుకు చేసే అయస్కాంత పొడి పరీక్ష ఇక్కడ పనికిరాదు, మెగ్నీషియానికి అయస్కాంతం అంటదు. పనికొచ్చేది డై పెనెట్రెంట్ పరీక్ష. బాలానగర్లోనో విజయవాడ ఆటోనగర్లోనో వెల్డింగు పని చేయించినవాళ్లకు ఆ మూడు డబ్బాలు తెలిసే ఉంటాయి, అక్కడ దాన్ని డీపీ టెస్ట్ అంటారు. మొదటి డబ్బాతో జిడ్డు కడుగుతారు. రెండో డబ్బాలోని ఎర్ర రంగు చల్లి పది ఇరవై నిమిషాలు ఆగుతారు. పైపైన తుడిచేసి మూడో డబ్బాలోని తెల్లటి పొడి చల్లుతారు. ఇక చూస్తూ ఉండటమే. పగుల్లో ఇంకిన ఎరుపును తెల్లపొడి మెల్లగా పైకి లాగుతుంది. ఆకు హబ్బును కలిసే మూలలో, అప్పటిదాకా నున్నగా కనిపించిన చోట, సున్నం వేసిన గోడమీద కుంకుమ వేలితో గీసినట్టు ఒక గీత తేలుతుంది. అది చూసినవాళ్లు కాసేపు మాట్లాడరు. నూటయాభై కిలోమీటర్ల వేగంతో నిన్నటిదాకా తాము కూర్చున్నది దేనిమీదో అప్పుడు తెలుస్తుంది మరి. ఇంతకుముందు రైల్వే వర్క్‌షాపుల్లో ఇదే పనిని నూనె, సుద్దపొడితో చేసేవాళ్లు.

ఈ పరీక్ష పెయింటు మీద పనిచేయదు. పెయింటు తీయాలి, ఆ తీయడంలోనే చాలా చక్రాలు పాడైపోతాయి. ఇనుముకు వాడే యాసిడ్ తొట్టిలో ముంచితే చక్రం నురగలు కక్కుతూ కరుగుతుంది. గ్రాము లోహానికి దాదాపు లీటరు హైడ్రోజన్ వస్తుంది, పక్కన బీడీ వెలిగించేవాళ్లు లేకపోతే అదృష్టం. ఉక్కు గుళ్లతో బ్లాస్టింగ్ చేస్తే ఇనుప రేణువులు లోహంలో దిగబడి, హనావాల్ట్ హెచ్చరించిన బ్యాటరీలు కొత్తగా పుడతాయి. ఏ గుళ్లతో గట్టిగా కొట్టినా మెత్తటి లోహం పగులు నోటిమీద పరుచుకుని మూసేస్తుంది, రంగు దిగదు, పరీక్ష 'పాస్' అవుతుంది. తెలిసినవాళ్లు మెగ్నీషియానికి సరిపడే రసాయనంతో పెయింటు వదిలించి, పైపొరను కాస్త తినిపించాక కానీ ఎర్ర రంగు చల్లరు. మిగిలిన అనుమానాలకు ఎక్స్‌రే ఉంది.

మళ్లీ రంగు వేయడం దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఇప్పుడందరికీ పౌడర్ కోటింగ్ మోజు. ఆ పొయ్యి 180, 200 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. ఈ మిశ్రమలోహాల్లో కొన్నింటికి గట్టిదనం కోసం ఫ్యాక్టరీలో చేసిన ఉష్ణచికిత్స కూడా ఆ దరిదాపుల్లోనే జరిగింది. కాబట్టి పొయ్యిలో పెట్టిన ప్రతిసారీ ఆ చికిత్సను కొద్దో గొప్పో కదిలించినట్టే. లోపలి సొరంగాల్లోని గాలి ఉబ్బి కోటింగుమీద బుడగలు లేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, మందపాటి ఆ ప్లాస్టిక్ చొక్కా కింద పగులు ఎంత పాకినా పైకి కనిపించదు. లోహానికి రసాయన పూత పూసి, పైన పలచటి ప్రైమరు, పలచటి పెయింటు వేయడం పాత పద్ధతే అయినా తెలివైన పద్ధతి. చక్రం ఎంత మెరుస్తోంది అన్నది అమ్మేవాడి లెక్క, తోలేవాడికి పనికిరాదు.

ఇదంతా విని మెగ్నీషియాన్నే తప్పుపట్టనక్కర్లేదు. ఇవాళ మోటోజీపీ రేసుల్లో కార్బన్ ఫైబర్ చక్రాలకు అనుమతి లేదు. మెగ్నీషియం లేదా అల్యూమినియం మిశ్రమలోహాలే వాడాలి, పెద్ద జట్లన్నీ మెగ్నీషియం వైపే ఉంటాయి. శుద్ధమైన లోహాన్ని పోత పోయకుండా ఒత్తి సాగదీసి చేసినవి అవి, పైన గట్టి రక్షణ పూత ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో లెక్క రాసి ఉంటుంది. పాత చక్రానికి లేనిది ఆ చివరి కాగితమే. మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఏ గుంటలో పడి లేచిందో, ఎవరు ఏ తొట్టిలో ముంచారో చెప్పే పుస్తకం దానికి లేదు. అందుకే అనుభవమున్న యజమానులు అసలు చక్రాలను ఇంట్లో గోడకు తగిలించుకుని, అదే ఆకారంలో ఇప్పుడు దొరికే కొత్త నకళ్లతో రోడ్డెక్కుతారు. వేలంలో విలువ గోడమీది దానికి, ప్రాణానికి పూచీ కిందదానికి.

డీపీ పరీక్షలో ఎర్ర గీత తేలిన చక్రాన్ని కొన్ని వర్క్‌షాపుల్లో యజమానికి అలాగే తిరిగి ఇవ్వరు. వెల్డింగు చేసి, పెయింటు వేసి, ఇంకెవరికో అమ్మేస్తారని భయం. ఆయన ఒప్పుకుంటే ఎదుటే బెంచిమీద బిగించి, హ్యాక్‌సాతో ఒక ఆకును అడ్డంగా కోసేస్తారు. మెత్తటి లోహం కనుక నిమిషంలో పని అయిపోతుంది. కోసేముందు కింద పొడి గుడ్డ పరుస్తారు, గ్రైండరును దూరం జరుపుతారు. రాలిన వెండిరంగు పొడిని చీపురుతో ఊడ్చి, తడి తగలని రేకు డబ్బాలోకి ఎత్తి మూత పెడతారు. ఆ గుప్పెడు పొడే ఆ చక్రం మొత్తంలో నిజంగా సులువుగా అంటుకోగల భాగం.